ది ఎక్స్ పాటల్లో జానపదం ఎక్కడుందంటే

మీరు అడిగింది ఇదీ: మీ బ్యాండ్‌లో పంక్‌కి (వేగంగా, మోటుగా వాయించే రాక్ సంగీతానికి) మన జానపదం కలపాలనుకుంటున్నారు. ఎవరో ఆమ్‌స్టర్‌డామ్ బ్యాండ్ 'ది ఎక్స్' వినమన్నారు. విన్నారు. గిటార్ల రొద, ఒకాయన ఇంగ్లీషులో గడగడా చదివేయడం తప్ప జానపదం ఎక్కడా దొరకలేదు. పైగా ఇథియోపియా వాళ్ళ పాటలు, హంగేరీ వాళ్ళ పాటలు డచ్ వాళ్ళు వాయించుకోవడం దోపిడీ కాదా అని ఒక అనుమానం.

నేను ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు వలంటీర్లు నడిపే చిన్న హాళ్ళలో సౌండ్ డెస్క్ దగ్గర సాయం చేస్తుంటాను. ఈ తరహా సంగీతం చాలా ఏళ్ళుగా వింటున్నాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు, మీరు విన్నది బహుశా వాళ్ళ 1980ల తొలి రికార్డులు అయ్యుంటాయి. వాటిలో జానపదం నిజంగానే లేదు. 1979లో మొదలైనప్పుడు వాళ్ళెవరికీ వాయించడం రాదు. ఎవరు ఏ వాయిద్యం పట్టాలో పుల్లలు తీసి తేల్చుకున్నారని వాళ్ళే చెప్పుకుంటారు. పేరు కూడా గోడ మీద స్ప్రేతో తొందరగా రాసి పారిపోవడానికి వీలుగా ఉండాలని పెట్టుకున్నదే. అప్పటి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇళ్ళు దొరక్క, ఖాళీగా పడున్న భవనాల్లో కుర్రాళ్ళు తాళాలు పగలగొట్టి కాపురం పెట్టే ఉద్యమం జోరుగా ఉండేది. 1980 మార్చిలో వోండెల్‌స్ట్రాట్ అనే వీధిలో బారికేడ్లు తొలగించడానికి ప్రభుత్వం ఏకంగా ట్యాంకులు దింపింది. ఆ ఏప్రిల్ 30న బేయాట్రిక్స్ రాణి పట్టాభిషేకం రోజున 'ఇల్లు లేదు, పట్టాభిషేకమూ లేదు' అంటూ ఊరంతా అల్లర్లు. ది ఎక్స్ ఆ గాలిలో పుట్టిన బ్యాండ్. మొదటి ఆల్బమ్ అదే ఏడాది వచ్చింది.

వాళ్ళ రాజకీయం పాటల మాటల్లో ఉన్నంత, పని చేసే తీరులోనూ ఉంది. మీ రెండో అనుమానానికి జవాబు అక్కడే దొరుకుతుంది కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. మేనేజర్ లేడు. పెద్ద కంపెనీతో ఒప్పందం ఎప్పుడూ లేదు. సొంత లేబుల్, సొంత బుకింగ్. 1983లో ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన వోర్మర్ అనే ఊళ్ళో మూతపడ్డ వాన్ గెల్డర్ పేపర్ మిల్లు మీద నాలుగు చిన్న రికార్డుల పెట్టె తెచ్చారు, లోపల ఆ మిల్లు కథ పుస్తకంగా పెట్టి. 1986లో స్పెయిన్ విప్లవానికి యాభై ఏళ్ళయిన సందర్భంగా రెండు చిన్న రికార్డులూ, వాటితో 144 పేజీల ఫోటోల పుస్తకమూ వేశారు. ఆ ఫోటోలు స్పెయిన్ అనార్కిస్టు కార్మిక సంఘం సీఎన్‌టీ దాచుకున్నవి. ఆ సంఘం దస్తావేజులు ఫ్రాంకో సేనల చేతికి చిక్కకుండా దేశం దాటి, చివరికి ఆమ్‌స్టర్‌డామ్‌లోని సామాజిక చరిత్ర సంస్థలో ఉన్నాయి. నన్నడిగితే ఆ పుస్తకం పాటలకన్నా గొప్పది. పాటలు బాగాలేవని కాదు, ఆ ఫోటోలు చూశాక పాట వినే చెవి మారిపోతుంది.

జానపదం వాళ్ళ సంగీతంలోకి తిన్నగా అడుగుపెట్టిందీ ఆ రికార్డులోనే. 'ఆయ్ కార్మేలా' అనే పాట ఉంది. 1936–39 అంతర్యుద్ధంలో రిపబ్లిక్ సైనికులు పాడుకున్నది. కానీ దాని బాణీ అంతకన్నా చాలా పాతది, నెపోలియన్ సేనలతో స్పెయిన్ పోరాడిన రోజుల నాటిది. జనానికి నోటికొచ్చిన బాణీ తీసుకుని కొత్త మాటలు కట్టారు. గద్దర్, వంగపండు పాటలు విని పెరిగినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేం కాదు. రాజకీయమూ జానపదమూ కలవడమంటే మన మనసులో మెదిలేది ఇదే: బాణీ పాతది, మాట కొత్తది, జనం వెంటనే గొంతు కలుపుతారు.

మీరు ది ఎక్స్‌లో వెతికింది కూడా ఇదే అనుకుంటాను. అందుకే దొరకలేదు. ఆ ఒక్క రికార్డు తర్వాత వాళ్ళు ఆ దారిలో పెద్దగా వెళ్ళలేదు.

వెళ్ళిన దారి వేరు. 1984లో డ్రమ్స్ మీదికి కాథరినా బోర్నెఫెల్ట్ వచ్చారు, ఆవిణ్ణి క్యాట్ అంటారు. నా దృష్టిలో ఈ బ్యాండ్ కథ అసలు మొదలైంది అక్కడే. మామూలు పంక్ డ్రమ్మర్ ఏం చేస్తాడు? కాలితో కొట్టే కిక్ డ్రమ్, ముందుండే స్నేర్ డ్రమ్ ఒకటి విడిచి ఒకటి, పైన సింబల్ (లోహపు పళ్ళెం) హోరు, వేగం. క్యాట్ అలా వాయించరు. టామ్‌ల (గుండ్రటి శబ్దమిచ్చే డ్రమ్ముల) మీద చిన్న చిన్న దరువులు అల్లుతారు, మధ్యలో కౌబెల్ గంట, సింబల్ తక్కువ. ఆ దరువు పాటంతా తిరిగి తిరిగి వస్తుంది, కానీ ప్రతి చుట్టులో ఏదో ఒక దెబ్బ కొంచెం జరుగుతుంది. సౌండ్ డెస్క్ దగ్గర కూర్చుంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. సింబల్ హోరు లేకపోవడం వల్ల పైస్థాయి శబ్దమంతా ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీలో గిటార్లు గరగరలాడటానికి చోటు దొరుకుతుంది. గిటార్లు కూడా కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మార్చుకుంటూ పోవు. టెర్రీ హెస్సెల్స్ ఒక ముక్క పట్టుకుని దాన్నే గీకుతూ ఉంటాడు, ఒక్కోసారి స్క్రూడ్రైవర్‌తో, ఒక్కోసారి డ్రమ్ కర్రతో. ఆండీ మూర్ దానికి ఎదురు దెబ్బ వేస్తాడు. అంటే రెండు గిటార్లూ తాళవాద్యాలే అనుకోండి. మూడు నాలుగు నిమిషాలు అదే చుట్టు నడిచాక మీకు తెలియకుండానే కాలు ఆడుతుంది.

మీరు వెతికిన జానపదం అక్కడ ఉంది, ఆ తిరుగుడులో. బాణీలో కాదు.

ఇక బాణీలు వచ్చిన చోట ఎలా వచ్చాయో చూడండి. 1991లో అమెరికన్ సెల్లో వాద్యకారుడు టామ్ కోరాతో కలిసి 'స్క్రాబ్లింగ్ ఎట్ ది లాక్' అనే ఆల్బమ్ చేశారు. అందులో హంగేరీ జానపదం ఒకటి క్యాట్ పాడారు, 'హిదెగెన్ ఫూయ్‌నాక్ అ సెలెక్', చలిగాలులు వీస్తున్నాయని. ఆవిడ శిక్షణ పొందిన గాయని కాదు, గొంతులో నగిషీలేమీ ఉండవు. పాటని తిన్నగా, కొంచెం బిగ్గరగా పాడేస్తారు, పొలంలో ఒకరు అవతలి గట్టు మీదవాళ్ళకి వినపడేలా పాడినట్టు. సెల్లో ఒక పక్క కోస్తూ ఉంటుంది. ఆ పాటకి పంక్ వేషం వేయాలని వాళ్ళు ప్రయత్నించలేదు. పాటకి ఏం కావాలో అదే ఇచ్చారు. 1998లో షికాగో వెళ్ళి స్టీవ్ అల్బీనీ అనే రికార్డింగ్ ఇంజనీర్ దగ్గర రికార్డ్ చేసిన 'స్టార్టర్స్ ఆల్టర్నేటర్స్'లో ఇంకో హంగేరీ పాట ఉంది. 1995 నాటి 'మడ్‌బర్డ్ షివర్స్'లో 'హౌస్ కార్పెంటర్' అనే పాత ఇంగ్లీషు కథాగేయం ఉంది. కోరా 1998లో చనిపోయాడు, ఆయనతో చేసినవి రెండే ఆల్బమ్‌లు మిగిలాయి. రెండిట్లో నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు ఇథియోపియా సంగతి. మీ దోపిడీ ప్రశ్నకి అసలు పరీక్ష ఇక్కడే కాబట్టి దీన్ని నిదానంగా చెప్తాను.

గెటాచెవ్ మెకురియా 1935లో పుట్టిన శాక్సఫోన్ వాద్యకారుడు. ఆడిస్ అబాబాలో మునిసిపాలిటీ బ్యాండ్ దగ్గర మొదలుపెట్టి పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్లో పనిచేశాడు. ఇథియోపియాలో 'షెల్లెలా' అని ఒక పాట తీరు ఉంది. యుద్ధానికి వెళ్ళేముందు వీరులు రొమ్ము విరుచుకుని, శత్రువుని సవాలు చేస్తూ గొంతు చించుకుని పాడేది. గెటాచెవ్ ఆ గొంతుని శాక్సఫోన్‌లోకి తెచ్చాడు. వింటే 1960ల అమెరికా ఫ్రీ జాజ్ (కట్టుబాట్లు లేకుండా అప్పటికప్పుడు వాయించే జాజ్) విని నేర్చుకున్నాడేమో అనిపిస్తుంది. ఆయన దారి దానితో సంబంధం లేనిది, సొంత ఊరి వీరగానం నుంచి వచ్చింది.

టెర్రీ 1990ల నుంచీ ఇథియోపియా తిరుగుతున్నాడు. బ్యాండ్ మొత్తం 2002లో అక్కడ పర్యటించింది. 2004లో వాళ్ళ ఇరవై ఐదేళ్ళ వేడుకకి ఆమ్‌స్టర్‌డామ్‌కి గెటాచెవ్‌ని పిలిచారు. గమనించండి, తమతో కలిసి వాయించమని పిలవలేదు. ఆయన ఆ వేడుకలో డచ్ జాజ్ బృందం ఐసీపీతో వాయించాడు. ది ఎక్స్ వాయించడం ఆయన అక్కడ చూశాడు. నా తర్వాతి ఆల్బమ్‌కి మీరే వాయించాలని అడిగింది ఆయనే. అప్పటికి డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, మర్యాదైన ఆర్కెస్ట్రాలన్నీ చూసినవాడు, ఈ గరగర గిటార్ల వాళ్ళని ఏరుకున్నాడు. ఎందుకో రికార్డు వింటే అర్థమవుతుంది. షెల్లెలాకి వెనక సవాలు విసిరే శబ్దం కావాలి. మెత్తగా వాయించే వాళ్ళతో అది కుదరదు.

2006లో 'మోవా అన్బెస్సా' వచ్చింది. అట్ట మీద పేరు 'గెటాచెవ్ మెకురియా అండ్ ది ఎక్స్ అండ్ గెస్ట్స్'. ఆయన పేరు ముందు. పాటలు ఆయన ఎంచుకున్నవి, వీళ్ళు నేర్చుకున్నవి. ఫ్రాన్స్ నుంచి క్లారినెట్ గ్జావియే షార్ల్, కెనడా నుంచి ఆల్టో శాక్స్ బ్రోడీ వెస్ట్, డచ్ ట్రాంబోన్ యూస్ట్ బౌస్ కలిశారు. ఏళ్ళ తరబడి కలిసి కచేరీలు చేశారు, 2012లో రెండో ఆల్బమ్ తెచ్చారు. ఆయన 2016లో పోయాడు.

'చె బెలెవ్ షెల్లెలా' పాట పెట్టుకుని ఒక పని చేయండి. మొదటిసారి శాక్సఫోన్ వినకుండా డ్రమ్స్ మాత్రమే వినండి. ఇథియోపియాలో 'చిక్‌చికా' అనే ఆరు మాత్రల నడక ఒకటి ఉంది, మన తిశ్ర నడకలో ఊగినట్టు ఉంటుంది. పంక్ వాళ్ళకి నాలుగు మాత్రల సూటి నడక అలవాటు. క్యాట్ లాంటి డ్రమ్మర్ చేతిలో ఆ తేడా ఎలా సర్దుకుందో, ఈ ఆల్బమ్‌లో ఏ పాటలో ఏ నడక ఉందో మీ డ్రమ్మర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కపెట్టండి. స్వరాల దగ్గరికొస్తే, అక్కడి 'తెజెతా' అనే స్వరవరుసలో ఒక రకం సరిగ్గా మన మోహన స్వరాలే: స రి గ ప ద. అందుకే ఆ పాటలు మన చెవికి తొందరగా ఎక్కుతాయి. గమకాలు మాత్రం పూర్తిగా వేరు, మోహన అనుకుని పాడితే తేలిపోతారు.

దోపిడీయా కాదా అన్నదానికి నా దగ్గర ఉన్న కొలతలు మామూలువే. పేరు ఎవరిది ముందుంది? పాట ఎవరు ఎంచుకున్నారు? టూర్‌కి ఎవరెవరు వెళ్ళారు, డబ్బు ఎవరికి చేరింది? రికార్డు అయిపోయాక కూడా రాకపోకలు ఉన్నాయా? పేరు, పాట, టూర్, రాకపోకల విషయంలో ఈ బ్యాండ్ లెక్క బయటికి కనిపిస్తూనే ఉంది. టెర్రీ 'టెర్ప్' అని ఒక చిన్న లేబుల్ పెట్టి, నెదర్లాండ్స్‌లో స్థిరపడ్డ ఎరిత్రియా గాయని త్సెహైతు బెరాకి ఆల్బమ్ 2004లో తెచ్చాడు. అందులో ది ఎక్స్ పేరుతో అమ్ముకునే ప్రయత్నమేదీ లేదు, ముందుండేది ఆవిడ గొంతూ, ఆవిడ క్రార్ అనే తీగల వాద్యమూ. కాంగో బృందం కొనోనో నంబర్ వన్ లైవ్ రికార్డూ అదే ఏడాది అదే లేబుల్ మీద వచ్చింది. కొనోనో వాళ్ళు బొటనవేళ్ళతో వాయించే లికెంబేకి పాత కార్ల అయస్కాంతాలతో మైకులు తయారుచేసుకుని, కిన్షాసా వీధుల్లో ఏ పంక్ బ్యాండూ చేయనంత మోత చేస్తారు. ది ఎక్స్ 2004 ఆల్బమ్ 'టర్న్'లో ఒక పాట పేరే 'థీమ్ ఫ్రమ్ కొనోనో'. అప్పు ఎక్కడ చేశారో పేరులోనే రాసేశారు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. యూరప్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఆడిస్ అబాబాకి విమానమెక్కడం ఎంత సులువో, అక్కడి వాళ్ళు షెంగెన్ వీసా తెచ్చుకుని ఇక్కడికి రావడం అంత కష్టం. ఎంత మంచి బ్యాండ్ అయినా ఆ తేడాని పాటతో చెరిపేయలేదు. దాన్ని దాచిపెట్టకుండా ఉండటమే వాళ్ళు చేయగలిగింది, అది చేశారని నా అభిప్రాయం.

ఇదే తరం నుంచి వచ్చిన ఇంగ్లండ్ లీడ్స్ బ్యాండ్ చంబావంబా గురించి కూడా ఒక ముక్క. ది ఎక్స్, వాళ్ళూ 1980లలో కలిసి ఫాసిజానికి వ్యతిరేకంగా ఒక చిన్న రికార్డు చేశారు. 1988లో చంబావంబా వాయిద్యాలేవీ లేకుండా గొంతులతోనే ఇంగ్లండ్ తిరుగుబాటు పాటల ఆల్బమ్ తెచ్చింది. 1997లో తాము ఒకప్పుడు తిట్టిపోసిన పెద్ద కంపెనీతోనే ఒప్పందం చేసుకుని ప్రపంచమంతా మోగిన హిట్ కొట్టారు, చివరి ఏళ్ళలో పూర్తిగా అకూస్టిక్ జానపదంలోకి వెళ్ళి 2012లో ఆపేశారు. మీకు బాణీ, కోరస్, జనం గొంతు కలపడం ముఖ్యమైతే వాళ్ళ దారి మీకు దగ్గర. దరువు, మోత, తిరుగుడు ముఖ్యమైతే ది ఎక్స్. ఏది కావాలో మీ నలుగురూ ముందు తేల్చుకోండి, లేకపోతే రిహార్సల్‌లో ప్రతి పాటకీ గొడవే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, నేనైతే 'మోవా అన్బెస్సా', తర్వాత 'స్క్రాబ్లింగ్ ఎట్ ది లాక్', తర్వాత 'టర్న్' అంటాను. 'టర్న్'లో 'హురియెత్' అనే ఎరిత్రియా పాట క్యాట్ పాడారు, అది తప్పకుండా వినండి. 1989 నాటి 'జాగర్స్ అండ్ స్మాగర్స్' చాలామంది గొప్పగా చెప్తారు. బోలెడంత మంది అతిథులు, బోలెడన్ని ప్రయోగాలు, కానీ మొదటిసారి వినేవాళ్ళు సగంలో పారిపోతారు. దాన్ని తర్వాతకి ఉంచండి. మొదటి గాయకుడు జి.డబ్ల్యు. సోక్ ముప్ఫై ఏళ్ళు పాడి 2009లో వెళ్ళిపోయాడు. ఆయన పాడడంకన్నా ప్రసంగించడం ఎక్కువ, మీరు 'గడగడా చదవడం' అన్నది అదే. తర్వాత వచ్చిన ఆర్నల్డ్ డి బూర్ గొంతు తేలిక, గిటార్ కూడా పట్టుకుంటాడు. ఆయనతో చేసిన 2010 ఆల్బమ్ 'క్యాచ్ మై షూ' మీలాంటి కొత్తవాళ్ళకి సులువుగా ఎక్కుతుంది. సోక్ మాటల బరువు అందులో లేదని నాలాంటి పాతవాళ్ళు గొణుక్కుంటాం, పట్టించుకోకండి.

మీ బ్యాండ్ సంగతికొస్తే, కూరలో కరివేపాకు వేసినట్టు పాట మధ్యలో ఎనిమిది సెకన్లు డప్పు శాంపిల్ పెట్టే ఆలోచన మానుకోండి. జానపద బాణీ తెచ్చి మూడు పవర్ కార్డుల మీద పెట్టడం కూడా వద్దు. మన బాణీల్లో చాలావాటికి కార్డు మార్పులు అక్కర్లేదు, బలవంతంగా పెడితే బాణీ నడుం విరుగుతుంది. కార్డులు తీసేసి ఒకే శ్రుతి మీద నిలబడండి. డప్పు దెబ్బలు మీ డ్రమ్మర్ టామ్‌ల మీదికి ఎలా వస్తాయో వెతకండి, క్రాష్ సింబల్ ఒక నెలపాటు స్టాండ్ మీంచి తీసేయండి. డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) సగానికి తగ్గించండి, డిస్టార్షన్ ఎక్కువైతే తీగ మీద పడే దెబ్బ వినపడదు, దరువు చచ్చిపోతుంది. బేస్ గిటారిస్టు దొరకలేదని రాశారు, దాని గురించి టెన్షన్ వద్దు. ది ఎక్స్ 2005 తర్వాత ఎక్కువ కాలం బేస్ లేకుండానే నడిచింది, కింది స్థాయి పని బారిటోన్ గిటార్ (మామూలు గిటార్‌కన్నా కింది శ్రుతిలో మోగేది) చూసుకుంటుంది. బారిటోన్ కొనే డబ్బు లేకపోతే మామూలు గిటార్‌కే లావు తీగలు వేసి శ్రుతి బాగా దించండి, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర గాడులు కొంచెం వెడల్పు చేయించాలి.

డప్పు నేర్చుకోవడానికి వీడియోల మీద ఆధారపడకుండా, వాయించే మనిషి దగ్గరికి వెళ్ళండి. ఆయన సమయానికి డబ్బివ్వండి. తర్వాత ఆయనతో కలిసి స్టేజీ ఎక్కితే పోస్టర్ మీద పేరు పెట్టండి, 'జానపద కళాకారులు' అని గంపగుత్తగా రాయొద్దు. జానపద పాటలు సినిమాల్లోకి వెళ్ళినప్పుడు మా పేరేదని వాళ్ళు అడగడం, గొడవలు కావడం మీరు చూసే ఉంటారు. రికార్డు చేసేముందే వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి. ఇద్దరి సంతకాలున్న ఒక పేజీ చాలు, లాయర్ అక్కర్లేదు.

డెమో రికార్డ్ చేశాక ఇక్కడ పెట్టండి. మిక్స్ చేయకముందే, విడి ట్రాకులుగా పెడితే డ్రమ్స్ గురించి ఇంకా వివరంగా చెప్పగలను.